పాఠం 9: వాణిజ్య లీజు చరిత్ర – హోటలు వ్యాపారం ఉదాహరణగా

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:

• 1882 ఆస్తి బదిలీ చట్టం దుకాణం అద్దెను ఏ విధంగా నిర్వచించింది
• పదకొండు నెలల ఒప్పందం ఎందుకు వాడుకలోకి వచ్చింది
• అద్దె నియంత్రణ చట్టాలు ఎలా పుట్టాయి, ఎలా బలహీనపడ్డాయి
• హోటలు పెట్టేవారు లీజు పత్రంలో ఏయే షరతులను, ఏ కారణంగా పరిశీలించాలి

1. పరిచయం

హోటలు పెట్టదలచినవారు సాధారణంగా ముందు మంచి సెంటరు చూసుకుంటారు, తర్వాత వంటమాస్టరును కుదుర్చుకుంటారు. భవన యజమాని ఇచ్చిన కాగితం మీద సంతకం మాత్రం చివరి రోజున, చాలావరకు చదవకుండానే పెడతారు. దాన్ని శ్రద్ధగా చదివేది గొడవ వచ్చినప్పుడు. అప్పటికి చేయగలిగింది తక్కువ.

వ్యవసాయ భూమిని తీసుకుంటే కౌలు అంటాం. ఇల్లు, దుకాణం తీసుకుంటే కోస్తాలో అద్దె అనీ, తెలంగాణలో కిరాయి అనీ, రాయలసీమలో బాడుగ అనీ అంటాం. చట్టం దృష్టిలో ఇవన్నీ లీజులే. అయితే హోటలు లీజుకు ఒక ప్రత్యేకత ఉంది. బట్టల కొట్టు యజమాని ఖాళీ చేయవలసి వస్తే సరుకు బండికెక్కించుకొని వెళ్ళగలడు. హోటలువాడు పెట్టిన డబ్బు గోడల్లోకీ నేలలోకీ పోతుంది. పొగగొట్టం, మురుగునీటి కాలువ, వంటగది పలకలు, అదనపు విద్యుత్ లోడు అక్కడే ఉండిపోతాయి. రోజూ వచ్చే గిరాకీ కూడా చాలావరకు ఆ చోటుకే అలవాటుపడి ఉంటుంది. అంటే పెట్టుబడి ఒకరిది, అది అతుక్కున్న స్థలం మరొకరిది.

ఈ నష్టభయాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్నకు మన చట్టం గత నూట నలభై ఏళ్ళలో వేర్వేరు సమాధానాలు ఇచ్చింది. నేటి లీజు పత్రంలోని దాదాపు ప్రతి షరతు వెనుకా అటువంటి ఒక పాత వివాదం ఉంది. ఆ వివాదాలు తెలిసినవారికి ఆ పత్రం చదవడం కష్టం కాదు. ఈ పాఠంలో వాటిని వరుసగా పరిశీలిద్దాం.

2. 1882 ఆస్తి బదిలీ చట్టం

బ్రిటిషు ఇండియాలో స్థిరాస్తి లావాదేవీలను ఒక క్రమంలోకి తెచ్చిన ఆస్తి బదిలీ చట్టం 1882 జూలై 1న అమలులోకి వచ్చింది. దీనిలోని ఐదో అధ్యాయం, అంటే 105 నుంచి 117 వరకు గల సెక్షన్లు, లీజులకు సంబంధించినవి. 105వ సెక్షన్ ప్రకారం, ప్రతిఫలం తీసుకొని స్థిరాస్తిని అనుభవించే హక్కును కొంతకాలానికి గాని శాశ్వతంగా గాని బదిలీ చేయడమే లీజు.

108వ సెక్షన్ ఇరుపక్షాల హక్కులను, బాధ్యతలను చెబుతుంది. హోటలుకు వర్తించే ముఖ్యమైనవి ఇవి. తాను చేయవలసిన మరమ్మతును యజమాని నోటీసు తర్వాత కూడా చేయకపోతే, అద్దెదారు చేయించుకొని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అగ్ని, తుఫాను, వరద వంటి వాటి వల్ల ఆస్తిలో ముఖ్యమైన భాగం నాశనమై నిరుపయోగమైతే, అద్దెదారు కోరితే లీజు రద్దవుతుంది. లీజు ముగిసినా స్వాధీనంలో ఉన్నంతవరకు అద్దెదారు తాను అమర్చిన వస్తువులను తీసుకుపోవచ్చు, కాని ఆస్తిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి. యజమాని అనుమతి లేకుండా శాశ్వత నిర్మాణం చేయరాదు. ఏ పనికోసం తీసుకున్నారో దానికి తప్ప వేరే పనికి వాడరాదు.

ఇవి చదివినవారికి అద్దెదారుకు తగినంత రక్షణ ఉన్నట్లే అనిపిస్తుంది. కాని ఆ సెక్షన్ ఆరంభంలోనే ఒక మాట ఉంది. దీనికి విరుద్ధమైన ఒప్పందం గాని స్థానిక ఆచారం గాని లేనప్పుడే ఈ నియమాలు వర్తిస్తాయి. అంటే ఒప్పంద పత్రంలో వేరుగా రాసుకుంటే చట్టం ఇచ్చిన రక్షణ పక్కకు తప్పుకుంటుంది. మరమ్మతులన్నీ అద్దెదారే చేయించుకోవాలి, అమర్చినవన్నీ యజమానికే చెందుతాయి అని నేటి పత్రాల్లో కనిపించే వాక్యాలు చేసేది సరిగ్గా ఈ పనే. స్వేచ్ఛగా కుదుర్చుకున్న ఒప్పందమే మేలన్న 19వ శతాబ్దపు ఆలోచన ఈ చట్టంలో ప్రతిఫలిస్తుంది. బేరమాడే శక్తి ఇరువురికీ సమానంగా ఉండదన్న విషయాన్ని అది పట్టించుకోలేదు.

3. పదకొండు నెలల ఒప్పందం

అదే చట్టంలోని 107వ సెక్షన్ ప్రకారం, ఒక సంవత్సరానికి మించిన లీజును రిజిస్టరు చేసిన పత్రం ద్వారానే ఇవ్వాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కూడా దీన్ని తప్పనిసరి చేసింది. రిజిస్ట్రేషన్ అంటే స్టాంపు సుంకం, రుసుము, ఇరువురూ కార్యాలయానికి వెళ్ళడం. ఆ ఖర్చును, శ్రమను తప్పించుకోవడానికి ఏడాది లోపు గడువు రాసుకునే అలవాటు ఏర్పడింది. అదే పదకొండు నెలల ఒప్పందం.

ఇంటి అద్దెకు ఇది పెద్ద ఇబ్బంది కలిగించకపోవచ్చు. హోటలుకు అలా కాదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకరు అప్పు చేసి 20 లక్షల రూపాయలతో వంటగది, బల్లలు, పొగగొట్టం అమర్చుకున్నారు. యజమాని ఐదేళ్ళకు ఇస్తానని కాగితం మీద రాసి ఇచ్చారు. దాన్ని రిజిస్టరు చేయించలేదు. రెండో ఏట వ్యాపారం బాగా సాగుతుండగా యజమాని ఖాళీ చేయమన్నారు. అప్పుడు ఆ ఐదేళ్ళ మాట నిలుస్తుందా?

ఇటువంటి ప్రశ్నే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఐదేళ్ళకు రాసుకొని రిజిస్టరు చేయని లీజు ఆ ఐదేళ్ళ హక్కును ఇవ్వదని 2000లో కోర్టు తేల్చింది. స్వాధీనం ఇచ్చి అద్దె తీసుకున్నందువల్ల అద్దె సంబంధం ఉంటుంది గాని, అది నెలనెలా సాగే అద్దెగానే ఉంటుంది. నెలవారీ అద్దెను 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. అద్దె నియంత్రణ చట్టం వర్తించని భవనమైతే మన ఉదాహరణలోని 20 లక్షల పెట్టుబడికి చట్టపరంగా ఉన్న భరోసా ఆ 15 రోజులే.

4. యుద్ధకాలంలో అద్దె నియంత్రణ

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నగరాలకు జనం పెరిగారు, నిర్మాణాలు తగ్గాయి, అద్దెలు ఎగబాకాయి. బొంబాయిలో 1918లో, కలకత్తాలో 1920లో అద్దె చట్టాలు వచ్చాయి. ఒప్పంద స్వేచ్ఛ అన్న సూత్రానికి ప్రభుత్వం హద్దు గీసింది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఈ విధానం మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. భారత రక్షణ నిబంధనల కింద 1941లో ఇళ్ళకు, 1942లో నివాసేతర భవనాలకు అద్దె నియంత్రణ ఉత్తర్వులు వెలువడ్డాయి. యుద్ధం ముగిసిన తర్వాత 1946లో వీటి స్థానంలో మద్రాసు భవనాల లీజు, అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. 1949లో మరో చట్టం దాని స్థానాన్ని తీసుకుంది. కోస్తా ఆంధ్ర, రాయలసీమ అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం కాబట్టి అక్కడి దుకాణాలకూ హోటళ్ళకూ ఇదే చట్టం. హైదరాబాదు రాష్ట్రం 1954లో తన సొంత అద్దె నియంత్రణ చట్టం చేసుకుంది.

తాత్కాలిక అవసరంగా మొదలైన నియంత్రణ ఈ విధంగా శాశ్వత చట్టంగా మారింది.

5. పేరు ఒకరిది, స్థలం మరొకరిది: ఉడ్‌లాండ్స్ ఉదాహరణ

మద్రాసులో చదువుకోసమో, కొలువుకోసమో, సినిమాలకోసమో వెళ్ళిన తెలుగువారికి ఉడుపి హోటళ్ళు బాగా పరిచయం. వాటిలో ప్రసిద్ధుడు కె. కృష్ణారావు. ఆయన 1938లో రాయపేటలో రామనాథపురం జమీందారుకు చెందిన ఉడ్‌లాండ్స్ అనే బంగళాను లీజుకు తీసుకొని హోటలు పెట్టారు. హోటలు ఆ బంగళా పేరుతోనే ప్రఖ్యాతమైంది. 1952లో ఆయన ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డులో న్యూ ఉడ్‌లాండ్స్ ప్రారంభించారు. అద్దె భవనం వెనుక ఉండిపోయింది, పేరు మాత్రం ఆయన వెంట వచ్చింది.

ఇదే సంస్థ 1962లో కేథడ్రల్ రోడ్డులోని ప్రభుత్వ భూమిలో ఉడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ ప్రారంభించింది. చెట్ల నీడలో కారులోనే కూర్చొని దోసె తినగల ఆ చోటు నగర జీవితంలో భాగమైంది. కాని భూమిని తిరిగి తీసుకోవాలన్న ప్రభుత్వ ప్రయత్నం దీర్ఘకాలం వ్యాజ్యాలలో నడిచి, 2008లో హోటలు మూతపడింది. 2010లో అక్కడ సెమ్మొళి పూంగా ఉద్యానవనం ప్రారంభమైంది.

రెండు ఉదాహరణలనూ పోల్చి చూడండి. మొదటి సందర్భంలో మరోచోటికి మారగల వీలు వ్యాపారానికి మిగిలింది. రెండో సందర్భంలో ఆ హోటలు ఆకర్షణ అంతా ఆ చెట్ల నీడలోనే, అంటే ఇతరుల భూమిలోనే ఉంది. దాన్ని తరలించడం సాధ్యం కాదు. హోటలు విలువలో ఎంత భాగం పేరులో ఉంది, ఎంత భాగం చోటులో ఉంది అన్న ప్రశ్న లీజు గడువు నిర్ణయించుకునే ముందే వేసుకోవాలి.

6. లీజా, లైసెన్సా?

అద్దె నియంత్రణ చట్టాలు వచ్చాక యజమానులు కొత్త మార్గం వెతికారు. పత్రానికి లీజు అని కాక లైసెన్సు అని పేరు పెడితే అద్దెదారుకు ఆ చట్టాల రక్షణ దొరకదు. ఈ ఎత్తుగడ సుప్రీంకోర్టుకు చేరిన ప్రసిద్ధ సందర్భం అసోసియేటెడ్ హోటల్స్ కేసు. 1949లో న్యూఢిల్లీలోని ఇంపీరియల్ హోటల్ యాజమాన్యం తన క్లోక్‌రూములను క్షౌరశాల నడపడానికి ఏడాదికి 9,600 రూపాయలకు ఒకరికి ఇచ్చింది. పత్రంలో లైసెన్సు అనే రాసి ఉంది. తీసుకున్న వ్యక్తి న్యాయమైన అద్దె నిర్ణయించమని అద్దె చట్టం కింద దరఖాస్తు చేశాడు.

1959 తీర్పులో ఈ అంశాన్ని విశదీకరించినవారు జస్టిస్ కోకా సుబ్బారావు. 1902లో రాజమండ్రిలో జన్మించిన ఆయన ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి, తర్వాతి కాలంలో భారత ప్రధాన న్యాయమూర్తి. పత్రం పేరు కాదు, దాని సారం చూడాలని ఆయన అన్నారు. ఆస్తిలో హక్కు కల్పించాలన్నది ఇరుపక్షాల ఉద్దేశమా, ఆ స్థలం మీద పూర్తి స్వాధీనం ఇచ్చారా అన్నవి ముఖ్యం. ఆ కొలతతో చూస్తే అది లీజే అని మెజారిటీ న్యాయమూర్తులు అంగీకరించారు.

అయినా కేసు గెలిచింది హోటలు యాజమాన్యమే. ఎందుకంటే అప్పటి ఢిల్లీ చట్టం హోటలులోని గదులకు మినహాయింపు ఇచ్చింది. ఆ క్లోక్‌రూములు కూడా హోటలు గదులే అని మెజారిటీ భావించింది. ఈ అంశంలో జస్టిస్ సుబ్బారావు విభేదించారు. లీజు అని రుజువైనా, ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోకపోతే ఫలితం దక్కదని ఈ కేసు చూపుతుంది. నేడు మాల్‌లోని ఫుడ్ కోర్టులో స్టాలు తీసుకునేవారి చేతికి వచ్చే పత్రాలు తరచుగా లైసెన్సులే. కాబట్టి 1959 నాటి ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు.

7. 1960 చట్టం: రక్షణ, పగిడీ, మినహాయింపులు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత రెండు ప్రాంతాల చట్టాల స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయించుట) నియంత్రణ చట్టం వచ్చింది. దీని 10వ సెక్షన్ ప్రకారం నిర్ణీత కారణాలుంటేనే ఖాళీ చేయించవచ్చు. అద్దె చెల్లించకపోవడం, రాతపూర్వక అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, తీసుకున్న పనికి కాక వేరే పనికి వాడడం, భవనానికి హాని చేయడం, యజమాని సొంత అవసరం వాటిలో ముఖ్యమైనవి. 7వ సెక్షన్ ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోవడాన్ని, అద్దెకు అదనంగా ప్రీమియం అడగడాన్ని నిషేధించింది.

చట్టం ఒకవైపు బిగిస్తే బజారు మరోవైపు దారి తీసింది. అద్దె పెరగదు, ఖాళీ చేయించడం కష్టం. కాబట్టి పాత అద్దెకున్న మడిగెకే ఒక ధర ఏర్పడింది. వెళ్ళిపోయే అద్దెదారు కొత్తగా వచ్చేవారి నుంచి పెద్ద మొత్తం తీసుకోవడం, అందులో యజమానికి వాటా ఇవ్వడం వాడుకైంది. దీన్నే పగిడీ అంటారు, మర్యాదగా గుడ్‌విల్ అని కూడా అంటారు. ఈ డబ్బుకు రసీదు ఉండదు. రసీదు లేని డబ్బును కోర్టులో రాబట్టుకోవడమూ కష్టమే.

యజమానుల వైపు నుంచి చూస్తే, దశాబ్దాల నాటి అద్దె భవనం సున్నం ఖర్చుకు కూడా చాలని స్థితి వచ్చింది. వారు మరమ్మతులు మానేశారు. కొత్త నిర్మాణాలను ప్రోత్సహించడానికి 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు చట్టంలోనే మినహాయింపు ఉండేది. అంత కాలం గడిచాక కూడా ఆ మినహాయింపును కొనసాగించడం సమానత్వ హక్కుకు విరుద్ధమని 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం కొత్త ఉత్తర్వు తెచ్చింది. నిర్మించి పదేళ్ళు నిండని భవనాలకు, నెల అద్దె 1,000 రూపాయలు మించిన భవనాలకు మినహాయింపు లభించింది. 2005 సవరణ ఈ పరిమితులను 15 ఏళ్ళుగానూ, నగరపాలక సంస్థల్లో 3,500 రూపాయలుగానూ, ఇతర చోట్ల 2,000 రూపాయలుగానూ మార్చింది.

నేడు ఏ పట్టణంలోనైనా హోటలుకు తగిన చోటు నెలకు 3,500 రూపాయలకు దొరకదు. కాబట్టి అటువంటి అద్దెదారు ఆచరణలో మళ్ళీ 1882 చట్టం నీడకే చేరాడు. ఒప్పంద పత్రమే అతని రక్షణ.

8. ఒక పోలిక: లండన్ వీరాస్వామి

ఇదే సమస్యకు మరో దేశం ఇచ్చిన జవాబును కూడా చూద్దాం. లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో 1926లో వీరాస్వామి అనే భారతీయ భోజనశాలను ఎడ్వర్డ్ పామర్ ప్రారంభించారు. ఆయన జనరల్ విలియం పామర్ వంశీకుడు. నిజాం కాలంలో హైదరాబాదులో పామర్ అండ్ కంపెనీ నడిపింది ఈ కుటుంబమే. భోజనశాల ఉన్న భవనం క్రౌన్ ఎస్టేట్‌ది.

బ్రిటన్‌లో 1954 నాటి చట్టం వ్యాపార అద్దెదారుకు గడువు ముగిసినప్పుడు లీజును పునరుద్ధరించమని అడిగే హక్కు ఇచ్చింది. పునర్నిర్మాణం వంటి నిర్దిష్ట కారణాలపై యజమాని దానికి అడ్డుచెప్పవచ్చు. అటువంటి కొన్ని సందర్భాల్లో పరిహారం చెల్లించాలి. 2025లో వీరాస్వామి లీజు గడువు ముగిసింది. పై అంతస్తుల కార్యాలయాల ప్రవేశమార్గానికి ఆ స్థలం కావాలని యజమాని చెప్పడంతో వివాదం కోర్టుకెక్కింది. నూరేళ్ళకు చేరువైన పేరు కూడా స్థలం మీద హక్కుకు హామీ కాదని ఇది తెలుపుతుంది. అయితే అక్కడి అద్దెదారుకు కోర్టులో వాదించుకోవడానికి చట్టం ఒక ఆధారం ఇచ్చింది. మన దగ్గర అద్దె నియంత్రణ వర్తించని భవనాల్లో, పత్రంలో పునరుద్ధరణ షరతు రాసుకోకపోతే అటువంటి ఆధారం ఉండదు.

9. చరిత్ర వెలుగులో లీజు పత్రం

పై విషయాల ఆధారంగా, సంతకానికి ముందు పరిశీలించవలసిన అంశాలను క్రోడీకరించుకుందాం.

గడువు, పునరుద్ధరణ: పెట్టుబడి తిరిగి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ముందు లెక్క వేసుకోవాలి. గడువు అంతకంటే తక్కువ ఉండరాదు. పత్రం రిజిస్టరు కావాలి. పునరుద్ధరణ యజమాని ఇష్టమా, అద్దెదారు హక్కా అన్నది స్పష్టంగా ఉండాలి.

అద్దె పెంపు: నెలకు 40,000 రూపాయల అద్దె మూడేళ్ళకోసారి 15 శాతం పెరిగితే నాలుగో ఏట 46,000, ఏడో ఏట 52,900 అవుతుంది. ఏటా 10 శాతం పెరిగితే నాలుగో ఏటికే 53,240 అవుతుంది. జీఎస్టీ ఎవరు భరిస్తారో కూడా రాసుకోవాలి. వాణిజ్య అద్దెపై పన్ను 18 శాతం. 5 శాతం పన్ను విధానంలో ఉన్న హోటలు దాన్ని తిరిగి సర్దుబాటు చేసుకోలేదు.

ఉపయోగం, అనుమతులు: దుకాణం అని మాత్రమే రాసి ఉంటే చాలదు. వంట, గ్యాస్, పొగగొట్టం, బోర్డు, వాహనాలు నిలిపే చోటు పేర్కొనాలి. ఆహార లైసెన్సుకు స్థలం స్వాధీనాన్ని రుజువు చేసే పత్రం అడుగుతారు. భవనానికి వాణిజ్య అనుమతి లేకుంటే అగ్నిమాపక, పురపాలక అనుమతులు చిక్కులో పడతాయి.

మార్పులు, అమరికలు: ఏవి తీసుకుపోవచ్చు, ఏవి వదిలేయాలి అన్న జాబితా జతచేయాలి. 1882 చట్టం ఇచ్చిన హక్కును పత్రం తీసేసిందేమో చూడాలి.

డిపాజిట్: 1960 చట్టం ఒక నెల అద్దెకు పరిమితం చేసింది. 2021లో కేంద్రం రూపొందించిన నమూనా అద్దె చట్టం నివాసేతర భవనాలకు ఆరు నెలలు సూచించింది. అది నమూనా మాత్రమే. ఎంత ఇచ్చినా రసీదు, తిరిగి ఇచ్చే గడువు ఉండాలి.

విపత్తు: దేశ విభజన వల్ల పశ్చిమ పంజాబులోని భూమిని అనుభవించలేకపోయిన కౌలుదారు చెల్లించిన డబ్బు తిరిగి అడిగితే, ఒప్పందం నెరవేర్చడం అసాధ్యమైందన్న సూత్రం లీజులకు వర్తించదని సుప్రీంకోర్టు 1968లో తేల్చింది. 2020 మే నెలలో, లాక్‌డౌన్ కారణంగా అద్దె నిలిపివేయమని ఖాన్ మార్కెట్‌లోని ఒక దుకాణదారు కోరినప్పుడు ఢిల్లీ హైకోర్టు అంగీకరించలేదు. ఒప్పందంలో అటువంటి షరతు ఉంటేనే దాని ఆధారంగా అడగవచ్చన్నది. ఆ షరతు రాసుకోవడం అద్దెదారు పని.

లాక్-ఇన్, బదిలీ: ముందే ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె కట్టాలా? వ్యాపారాన్ని అమ్మితే కొనేవారికి లీజు బదిలీ అవుతుందా? ఈ రెంటికీ రాతపూర్వక జవాబు ఉండాలి.

యజమాని హక్కు: సంతకం చేసేవారు నిజమైన యజమానులేనా, అన్నదమ్ముల వాటాలు తేలాయా, భవనం బ్యాంకు తనఖాలో ఉందా అన్నవి దస్తావేజులు, ఈసీ చూసి నిర్ధారించుకోవాలి. పత్రాన్ని న్యాయవాదికి చూపించే ఖర్చు ఒక నెల అద్దెకంటే సాధారణంగా తక్కువే.

10. సారాంశం

1882 చట్టం లీజును ఇరుపక్షాల ఇష్టానికి వదిలింది. రెండు ప్రపంచయుద్ధాల నాటి కొరత అద్దెదారుకు రక్షణ తెచ్చింది. ఆ రక్షణ పగిడీకి, మరమ్మతుల్లేని భవనాలకు కూడా దారితీసింది. 1983 తర్వాత వచ్చిన మినహాయింపులతో హోటలు అద్దెదారు తిరిగి ఒప్పంద పత్రం మీదే ఆధారపడవలసి వచ్చింది. చట్టం మౌనంగా ఉన్నచోట పత్రమే మాట్లాడుతుంది. మీలో కొందరు స్వయంగా చిన్న హోటలు పెట్టవచ్చు. లేదా పెట్టబోయే బంధువుకు ఆ కాగితం చదివిపెట్టవచ్చు. తొందరపడకుండా, ప్రతి షరతు దగ్గర ఆగి, ఇది లేకపోతే నష్టం ఎవరిదని ప్రశ్నించుకొని చదవండి.

11. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. అద్దె నియంత్రణ చట్టాల పుట్టుక, విస్తరణ, క్షీణతలను తెలుగు ప్రాంతాల ఉదాహరణలతో వివరించండి.
2. హోటలు లీజు ఇతర దుకాణాల లీజుకంటే ఏ విధంగా భిన్నమైనది? ఉడ్‌లాండ్స్, వీరాస్వామి ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. పదకొండు నెలల ఒప్పందం వాడుకలోకి రావడానికి కారణాలు తెలపండి.
2. లీజుకు, లైసెన్సుకు తేడాను 1959 తీర్పు ఆధారంగా రాయండి.
3. పగిడీ అంటే ఏమిటి? అది ఎందుకు ఏర్పడింది?

III. అభ్యాసం
మీకు తెలిసిన హోటలు లేదా టిఫిన్ సెంటర్ నిర్వాహకులను కలిసి, వారి అద్దె ఒప్పందం గడువు, అద్దె పెంపు, డిపాజిట్ షరతులను వారి అనుమతితో నమోదు చేయండి. ఈ పాఠంలోని 9వ విభాగంతో పోల్చి ఒక పుట నివేదిక రాయండి.